గూటికి కాపలా

కెమెరా మెడలో వేలాడేసుకున్న మనిషిని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. హార్స్లీ హిల్స్ మీద వాచర్‌ని నేను. అడవికి నిప్పంటుకోకుండా చూడటం నా పని. పసుపు గొంతు పికిలి పిట్ట ఇలాంటి రాతి కొండల్లో తప్ప పెద్దగా ఎక్కడా ఉండదనీ, అదీ తగ్గిపోతోందనీ ఆ కెమెరాల వాళ్ళ మాటల్లోనే విన్నాను. అంత తెలిసినవాళ్ళు చేసేదేమిటంటే, ఫోన్‌లో దాని కూత పెట్టి, వేరే పిట్ట వచ్చిపడిందని అది కంగారుగా బయటికొస్తే ఫొటో తీయడం. చదువుకున్న బుద్ధి.

ఆ వేసవిలో అది బండ పక్కన పొదలో గూడు కట్టి రెండు గుడ్లు పెట్టింది. వాసన పట్టినట్టు బెంగళూరు నుంచి ఒకాయన దిగాడు. గూడు సరిగా కనబడలేదని అడ్డమున్న కొమ్మ విరవబోతుంటే చెయ్యి పట్టి లాగేశాను. ఆయన ఇంగ్లీషులో నాకు రూల్స్ చెప్పాడు. నేను తెలుగులో ఆయన వంశం గురించి చెప్పాను.

మర్నాటి నుంచి గూటికి పది అడుగుల దూరంలో, బండ మీద కట్టె పట్టుకుని కూర్చున్నాను. పొద్దున ఎక్కితే పొద్దుగూకాకే దిగడం. ఒక్కణ్ణీ దగ్గరికి రానివ్వలేదు. పుంగనూరు దాటి కుప్పం దాకా నా అంత కాపలాదారు లేడనుకున్నాను. పిట్ట ఎదుటి బండ మీద నిలబడి ఒకటే అరుపు. అది కూడా నాతోపాటు వాళ్ళను తిడుతోందని మురిసిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం నా భార్య సంగటి తెచ్చింది. కొండ మీద గెస్ట్‌హౌస్‌లో గదులు ఊడుస్తుంది. కాసేపు పిట్టను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఈడ యాల కూసుండావని అడిగింది. కాపలా అన్నాను.

"మీ ఊరు సదుంలో మీ నాయన నిన్ను సజ్జ సేన్లో యాల కూసోబెట్నాడు? మనిషి కనపడితే పిట్ట వాలదనే కదా. ఈడా అదే సేస్తాండావు."

సిగ్గు కంటే ముందు కోపం వచ్చింది. నీకేం తెలుసని కసిరాను. ఆమె క్యారియర్ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. తర్వాత నేను దిగి, దూరంగా బండ చాటున సాయంత్రం దాకా దాక్కున్నాను. పిట్ట గూటి వైపు రాలేదు. వేలితో ముట్టుకుంటే గుడ్లు చల్లగా ఉన్నాయి. మర్నాడు వాటిని కాకి ఎత్తుకుపోయింది.

ఆదివారం బెంగళూరాయన మళ్ళీ వచ్చాడు. కెమెరా సంచిలోనే ఉంది. గూడు ఏమైందని మెల్లగా అడిగాడు.

"మీ వల్లే పోయింది" అన్నాను.

ఆయన తల దించుకుని, వచ్చీరాని తెలుగులో క్షమించమన్నాడు. క్షమించానని చెప్పాను.