తల మీద చెయ్యి

రాసుకోమ్మా, నిదానంగానే చెప్తా. చింతామణిలో మా అంగడికి ఎదురింట్లో ఒక అక్క ఉండాది. మగపిల్లోడు ఎవడు కనపడినా తల మీద చెయ్యి పెట్టి అదిమేది.

ఆ ఇంట్లో మామ మిలిటరీ, మొగుడూ మిలిటరీ. మామ ఒక కాలు పోగొట్టుకొని వచ్చినాడు, మొగుడు రానే లేదు. అయినా ఆ ముసలాయన మనవణ్ణి వదల్లేదు. మిలిటరీకి కావాల్సిన ఎత్తు ఎంతో కొలిచి, వాకిలి దగ్గర గోడకు సుద్దతో గీత గీసినాడు. వారం వారం పిల్లోణ్ణి దాని కింద నిలబెట్టేవాడు.

అక్క గడపకు పసుపు పూసేటప్పుడు ఆ గీత చెరిపి, రవ్వంత పైకి గీసేది. ముసలాయనకు చూపు ఆనేది కాదు. నేను చూసినానని తెలిసి, నోటికి వేలు అడ్డం పెట్టింది.

"ఏమ్మా, నేను పెరగనే పెరగనా?" అని పిల్లోడు ఏడుపుమొహం పెట్టేవాడు.

"ఇంకా తక్కువే నాయనా. ఎదురంగడిలో చేరుపో, ఆడ ఎత్తు అడగరు" అని వాడి తల అదిమేది.

వాడు పెద్దోడైనాక ఎవరికీ చెప్పకుండా చిక్కబళ్ళాపురం పోయి, మిలిటరీ సెలెక్షన్‌లో నిలబడినాడు. గంతులేస్తా ఇంటికొచ్చినాడు.

"అమ్మా, కావాల్సిన దానికంటే ఎక్కువే ఉండానంట! మన గీతే తప్పు!"

అక్క పసుపు చేతులు వెనక్కి పెట్టుకొనింది.

వాడూ తిరిగి రాలేదమ్మా.

మొన్న అక్కను చూసొద్దామని వాళ్ళింటికి పోయినా. వాడి కొడుకు అదే గోడకు ఆనుకొని, "చూడవ్వా, ఎంత ఉండానో" అంటాండాడు. అక్క వాడి తల మీద చెయ్యి పెట్టింది. చూసేవాళ్ళకు దీవించినట్టే ఉంటాది. ఆ చెయ్యి ఎంత గట్టిగా అదుముతాందో నాకు తెలుసు.