మా ఇంటి మాడ్యూలు, కమలమ్మ సాక్ష్యం

మా మనవరాలు గ్రేసు రేపు మదనపల్లె కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి. పొద్దున్నుంచి దాని ల్యాప్‌టాప్, ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన ఏదో మాడ్యూలు లేదనే అంటోంది. పిల్ల అన్నం ముట్టలేదు. ఎన్నిసార్లు మోకరించానో దేవుడికే తెలుసు.

సాయంత్రం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన కూడిక. ఆ మాడ్యూలు కోసం కూడా ప్రార్థించమని అడిగాను. పక్కింటి కమలమ్మ వీధంతా వినబడేలా ప్రార్థించింది. ఆమెన్ అనగానే, బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఆమె కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

"నిన్ననే ఎక్కించినానక్కా, అయినా లేదంటాండాది," అంది గ్రేసు.

"ఎక్కించినావు పాపా, పాత ప్రాజెక్టు ఎన్విరాన్‌మెంట్‌లో, అంటే దాని అరలో. ఇప్పుడు నడిపేది కొత్తదాంట్లో కదా. దేనికి దానికే ఎక్కించల్ల," అంటూ ఆ కోడలు మళ్లీ ఎక్కించింది.

కాఫీ చల్లారేలోపు ప్రోగ్రాం నడిచింది. నా మనవరాలు నన్ను దాటుకుని పోయి కమలమ్మను వాటేసుకుంది.

"సూసినావా అక్కా, నా ప్రార్థన," అంది కమలమ్మ నాతో. "ఆదివారం గుడిలో దేవుడు చేసిన ఈ మేలు గురించి సాక్ష్యం చెప్తా."

రేపు కాలేజీలో అది మళ్లీ లేదనకుండా ఈ రాత్రీ మోకరించాల్సింది నేనే. ఆదివారం సాక్ష్యం ఎవరు చెప్పాలో మీరే చెప్పండమ్మా.