ఐదు గంటలు తెరిచున్న పేజీ

మా సంస్థ ఆఫీసు ఖమ్మంల ఉంటది. అడవి ఊళ్ళల్ల తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక పోర్టల్ పెట్టిన్రు. ఎవరు ఎన్నిసార్లు తెరిచిన్రు, ఏ పేజీ మీద ఎంతసేపున్నరు అని ప్రతి సోమవారం రిపోర్టు తీసేది నేనే. ఇప్పటికీ అదే పని. కాబట్టి ఇప్పుడు తిట్టబోయే తిట్లల్ల నన్ను గూడ కలుపుకున్ననని అనుకోండి.

ములకలపల్లి దిక్కు పనిచేసే ఒక అక్క పేరు ఆ రిపోర్టుల ఎప్పుడూ ఎర్రగనే వచ్చేది. ఒకటే పేజీ. రోజూ నాలుగు గంటలు, ఐదు గంటలు. మిగతా పేజీల దిక్కు కన్నెత్తి చూసేది కాదు. మా సార్ స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఏందమ్మా ఇది? పోర్టల్ తెరిచిపెట్టి ఇంట్ల పండుకుంటున్నదా ఈమె?" అన్నడు. మీటింగుల అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఆ నవ్వు యాదికొస్తే నా మీద నాకే రోత పుడుతది.

ఇంకోసారి గిట్ల జరిగితే కాంట్రాక్టు తీసేస్తమని మెమో టైపు చేసిన్రు. సంతకం తీసుకరమ్మని నన్నే పంపిన్రు.

నేను బస్సు దిగేసరికి అక్క మందుల సంచి భుజానేసుకొని బయలుదేరుతున్నది. "సంతకానికేముంది చెల్లే, వచ్చినంక పెడత. గూడెంల జ్వరం పిల్లలున్నరు, వస్తవా?" అన్నది. సరే అని ఎంబడి పోయిన. ఊరు దాటినంక ఒక కల్వర్టు కాడ ఆగింది. ఫోన్ తీసి పిల్లల జ్వరం మందు పేజీ తెరిచింది. ఎంత బరువున్న పిల్లకు ఎంత పొయ్యాలో ఆ పేజీల పట్టిక ఉంటది. అది మొత్తం వచ్చేదాక ఎండల నిలబడ్డది.

"ఈడ దాటితే సిగ్నల్ లేదు. ఈడ తెరిచి పట్టుకపోత, మళ్ళ ఈడికి వచ్చేదాక ముయ్య. మూసిననుకో, ఇగ రాదు" అన్నది.

కాగితం పట్టికలుండేటివి. పోర్టల్ వచ్చినంక అన్నీ వాపసు తీసుకున్నరు. చేత్తో రాసుకున్నది చూసి మందు పోస్తే తప్పని ఆర్డరు. పోనీ ఫోన్ల ఫొటో తీసి పెట్టుకుందామంటే పోర్టల్ తియ్యనియ్యదు, భద్రతంట! ఎవరి భద్రతో వాళ్ళకే తెల్వాలె.

నాలుగు కిలోమీటర్లు నడిచినం. ఇంటింటికీ పోయి పిల్లను తూచుడు, ఫోన్ చూసుడు, మందు పోసుడు. ఆ తల్లులతోని కోయ భాషల మాట్లాడుకుంట, నవ్వించుకుంట చేసింది. మధ్యాహ్నం దాక ఒక్క గుక్క నీళ్ళు తాగలేదు మనిషి. మేం ఏసీల కూసోని నవ్విన ఐదు గంటల నిద్ర ఇదీ!

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మెమో సంచిలకెళ్ళి బయటికి తియ్యనే లేదు. తెల్లారి సార్ ముందట నిలబడి అంతా చెప్పిన. కల్వర్టు సంగతి చెప్పిన, పేజీ ముయ్యని సంగతి చెప్పిన. "వాళ్ళ కాగితాలు వాళ్ళకియ్యండి సార్" అని నెత్తి నోరు కొట్టుకున్న.

ఆయన శ్రద్ధగనే విన్నడు. "ఓహో, పేజీ తెరిచే ఉంటున్నదన్నట్టు. అందుకే మన లెక్క తప్పుతున్నది. మంచి పని చేసినవమ్మా" అన్నడు. మెమో చింపేసిండు. నా మొహం! నేను గెలిచిననుకొని ఇంటికి పోయిన.

వారం తిరగకముందే పోర్టల్ మార్చిన్రు. పది నిమిషాలు ముట్టకపోతే దానంతటదే మూసుకుంటది, మళ్ళ పాస్‌వర్డ్ అడుగుతది. సోమవారం రిపోర్టుల ఒక్క ఎర్ర గీత లేదు. "చూసినవా, ఎంత శుభ్రంగ వచ్చిందో!" అని సార్ మురిసిపోయిండు. పుండొకచోట, మందొకచోట. అరిచిన, వినలేదు. హైదరాబాదుల ఉన్న పెద్దోళ్ళు మెచ్చుకున్నరంట, ఇగ మార్చరంట.

ఆ మంగళవారమే అక్క ఫోన్ చేసింది. పక్కన పసిపిల్ల ఏడుపు.

"పేజీ మూసుకపోయింది చెల్లే. పిల్ల కాలిపోతున్నది. ఎత్తుకొని కల్వర్టు దాక దిగొచ్చిన. ఫోన్ కలుస్తున్నది గని ఇయ్యాల నెట్ సరిగ లేక పేజీ తెరుచుకుంటలేదు. తొమ్మిది కిలోలున్నది. ఎంత పొయ్యాలె?"

నా కంప్యూటర్ల పేజీ తెరిచి చదివిన. అక్క రెండుసార్లు అడిగి, పోసింది. పిల్ల మింగేదాక ఫోన్ పెట్టలేదు.

"నువ్వు కండ్లార చూసిపోయినవు గద చెల్లే, ఆళ్ళకు చెప్పలేదా?" అన్నది.

"చెప్పిన అక్కా."



"నువ్వు చెప్పినంకనే ఇట్ల చేసిన్రా?" అన్నది.

అవ్. నేను చెప్పినంకనే చేసిన్రు.