కెన్యాంగి అక్క గీసిన సఫారీ

మా కబాలే ఊళ్లో సఫారీ కంపెనీలకు కొదవ లేదు కానీ, ప్రయాణపు ప్లాను గీయడంలో కెన్యాంగి అక్కకు సాటి వచ్చే మనిషి లేదు. ఏ దేశం వాళ్లు ఏ కాలంలో వస్తారు, చింపాంజీలను ముందు చూపించాలా గొరిల్లాలనా, వాన పడితే ఇషాషా దారిలో బండి ఎక్కడ దిగబడుతుంది, ఏ లాడ్జిలో వంటవాడు అలిగి వెళ్లిపోయాడు, అన్నీ ఆమెకు నాలుక చివర ఉండేవి. ఆమె గీసిన దారి మీదే నేను ఏళ్ల తరబడి జీపు నడిపాను. నా పేరు అహబ్వే.

బయటివాళ్లకు తెలియని సంగతి ఏమిటంటే, ఆ దారుల్లో ఒక్కదాని మీద కూడా అక్క ఎన్నడూ వెళ్లలేదు. బండి ఎక్కితే చాలు, ఆమెకు కడుపులో తిప్పేది. మా కొండల్లో దారి పాము చుట్టలు చుట్టుకున్నట్టు ఉంటుంది కదా, రెండో మలుపుకే ముఖం పాలిపోయేది. పెళ్లయ్యాక అత్తవారింటికి కూడా కొండలు దిగి నడిచే వచ్చిందని ఆమె భర్త తిబమన్య చెప్పుకునేవాడు. అతను వడ్రంగి. మాట తక్కువ మనిషి.

మరి అన్ని దారులు ఆమెకు ఎలా తెలుసంటే, మా వల్లే. డ్రైవర్లను వదిలేది కాదు. ఆ మలుపు తిరిగాక ఎడమవైపు ఏం కనిపిస్తుంది, అక్కడ గాలి ఎలా ఉంటుంది, అతిథులు ఏం చూసి నోరెళ్లబెట్టారు అని ఫోనులో గుచ్చి గుచ్చి అడిగేది. అడిగినవన్నీ కలిపి అందమైన మాటలు అల్లేది. ‘వనదేవత ఒడిలో ఉదయం’ అని రాసేది. నిట్టనిలువు కొండ ఎక్కాల్సి వచ్చిన చోట ‘మెల్లని నడక’ అని రాసేది. ఆ మెల్లని నడక అయ్యాక అతిథులు నా మీద పడి తిట్టేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

‘‘మెల్లగా నడిస్తే అది మెల్లని నడకే కదా తమ్ముడూ’’ అంది.

ఇలా సాఫీగా సాగుతుండగా చెక్ దేశం నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లు తగులుకున్నారు. పెద్దావిడ వ్లాస్తా, చిన్నావిడ ల్యూబా. ఇద్దరికీ తలలు నెరిశాయి. పెద్దావిడ లావుగా, ప్రతిదాన్నీ అనుమానించే మనిషి. చిన్నావిడ బక్కగా, దేనికైనా ముందు దూకే మనిషి. ఒకరు గొరిల్లాలంటే మరొకరు చింపాంజీలనేవారు. సింహాలు చెట్లెక్కుతాయంటే వ్లాస్తా నమ్మేది కాదు. అక్క ఓపిగ్గా వాళ్ల ప్రతి సందేహానికీ బదులు రాసింది. ప్రయాణం పొడుగు పెంచింది, తగ్గించింది, తలకిందులు చేసింది. ఏడాది గడిచేసరికి ఆ ఇద్దరికీ అక్క మీద ఎంత గురి కుదిరిందంటే, డబ్బు కట్టే ముందు ఒకే ఒక షరతు పెట్టారు. కెన్యాంగి కూడా మాతో వస్తేనే వస్తాం, గొరిల్లాలను చూడటానికి ఆమె పర్మిట్టు ఖర్చు మాదే అన్నారు.

అక్క ససేమిరా అంది. మా యజమాని కటుంగి బతిమాలాడు, బెదిరించాడు, చివరికి ఆమె బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని కదలనన్నాడు. అక్క తిబమన్యను సలహా అడిగింది. అతను చాలాసేపు ఆలోచించి, ‘‘నువ్వు రాసిందంతా నిజమో కాదో ఒకసారి చూసి రారాదూ?’’ అన్నాడు. అక్కకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పంతానికి బయలుదేరింది.

నిమ్మకాయ వాసన చూస్తూ, అల్లం నములుతూ, నా పక్క సీట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. ఊరు దాటకముందే బండి ఆపమంది. ఆ తర్వాత ఎన్నిచోట్ల ఆపానో లెక్కలేదు. ఏళ్లుగా తాను వర్ణించిన లోయలన్నింటిలోనూ వంగి నిలబడింది, కానీ ఒక్క లోయనూ తలెత్తి చూడలేదు. కిబాలే అడవి చేరి అక్కచెల్లెళ్లను కలిసేసరికి ఆమె వడిలిన తోటకూర కాడలా ఉంది. వాళ్లు మాత్రం తప్పిపోయిన బంధువు దొరికినట్టు కావలించుకున్నారు.

అడవిలో నేల కదలదు కాబట్టి అక్క ప్రాణం కుదుటపడింది. చింపాంజీలు కొమ్మల మీద నుంచి కేకలు పెట్టాయి. అందరం మెడలు వెనక్కి వాల్చి చూస్తుంటే ఒక మగ చింపాంజీ సరిగ్గా వ్లాస్తా టోపీ మీదికి మూత్రం పోసింది. వ్లాస్తా టోపీ తీసి, చూసి, అక్క వైపు తిరిగి ఇది ప్లానులో లేదే అని అడిగింది. అక్క తడుముకోకుండా, ఇది అదనం, దీనికి వేరే డబ్బు తీసుకోం అంది. ల్యూబా నేల మీద చతికిలబడి నవ్వింది.

ఇషాషాలో సింహాలు అత్తిచెట్టు ఎక్కే ఉన్నాయి, కానీ ఆకుల మధ్య నుంచి వేలాడే తోక ఒక్కటే కనిపించింది. అది తోకా తీగా అని అక్కచెల్లెళ్లు పొద్దుగూకే దాకా పోట్లాడుకున్నారు. అక్క ఆ పోట్లాటకు తీర్పు చెప్పలేదు. బండి ఆగి ఉండటమే ఆమెకు పండగ.

తర్వాత బ్విండీ అడవి. గొరిల్లాలను చూసే రోజు పొద్దున్నే రేంజరు నిబంధనలు చెప్పాడు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లు రాకూడదు, నోటికి గుడ్డ కట్టుకోవాలి, దగ్గరికి వెళ్లకూడదు, గొంతు పెంచకూడదు. నేను రోజూ వినేవే. అక్క కూడా ఆ మాటలను వేలసార్లు రాసింది కానీ, ఆ రోజు బడిపిల్లలా నోరు తెరిచి విన్నది.

ఆ రోజు నేనూ వాళ్లతోపాటు వెళ్లాను. దారి ఎక్కడా లేదు. రేంజరు కత్తితో తీగలు నరుకుతుంటే వెనక మేము. దురదగొండి ఆకులు చేతులకు తగిలి మంట పెట్టాయి. ఎక్కడ కాలు పెట్టినా జారేది. చాలాసేపటికి అక్క ఒక వేరు పట్టుకుని ఆగిపోయి రొప్పుతుంటే, పై నుంచి ల్యూబా వెనక్కి తిరిగి, ప్రేమగానే, ఇదేనా ఆ మెల్లని నడక అని అడిగింది. అక్క నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

చివరికి ఒక వాలులో అవి కనిపించాయి. తల్లి ఒకటి పిల్లను పొట్ట మీద పడుకోబెట్టుకుని ఆకులు ఒలుస్తోంది. వెండి వీపు మగది కొండరాయిలా కూర్చుని ఉంది. అక్క తన రాతల్లో ‘అడవి మహారాజు సన్నిధిలో మౌనం’ అని రాసేది. నిజంగానే ఎవరూ కిక్కురుమనలేదు. అప్పుడు ఆ మహారాజు ఒక పక్కకు ఒరిగి, లోయంతా వినబడేలా, సుదీర్ఘంగా గాలి వదిలాడు. ల్యూబా నోట్లో గుడ్డ కుక్కుకుంది. వ్లాస్తా ఉలిక్కిపడి అక్క చెయ్యి పట్టుకుంది. అక్క నవ్వలేదు. ఆ పిల్ల గొరిల్లా తల్లి వేలు పట్టుకుని లాగడం చూస్తోంది. రెప్ప వేయలేదు. సమయం అయిపోయిందని రేంజరు భుజం తడితే, ఎవరో నిద్రలేపినట్టు చూసింది.

‘‘తమ్ముడూ, ఇన్నాళ్లూ నేను రాసింది చాలా తక్కువరా’’ అంది, నాకు మాత్రమే వినబడేలా.

తిరుగుదారిలో వాన మొదలైంది. వాలు దిగుతుంటే అక్క కాలు మడతపడింది. చీలమండ చూస్తుండగానే వాచింది. అడుగు వేయలేకపోయింది. మా సామాను మోస్తూ వెంట వచ్చిన మోతగాళ్లు బుట్టలా అల్లిన మంచం తెచ్చి ఆమెను పడుకోబెట్టి, వాన తగలకుండా పట్టా కప్పి భుజాలకెత్తుకున్నారు. మా కొండల్లో ఆ మంచం ఎక్కేది రోగులూ శవాలూ మాత్రమే. అక్క ఇష్టం లేకుండానే ఎక్కింది. మోతగాళ్లు అడుగు వేసేసరికి మంచం ఊగింది. ఊగేసరికి ఆమెకు మళ్లీ కడుపులో తిప్పింది. కళ్లు గట్టిగా మూసుకుని, లోకం కనబడకుండా పట్టాను ముఖం మీదికి లాక్కుంది. కదలక మెదలక బిగుసుకుని పడుకుంది.

అడవి అంచున ఊరి జనం దారి పక్క నిలబడి చూశారు. ఎవరు అని అడిగారు. కబాలే కెన్యాంగి అని మోతగాళ్లు చెప్పారు. పాపం ఏమైంది అని ఒక ముసలామె అడిగింది. ముందున్న మోతగాడికి ఆయాసం. ‘‘అంతా అయిపోయింది అవ్వా’’ అన్నాడు. పొద్దుటి నుంచి నడిచిన నడక అయిపోయిందని అతని భావం. ముసలామె రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. ఎవరి టోపీ వాళ్లు తీశారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. వాళ్లకు మర్యాద ఎక్కువ అనుకున్నాను.

లాడ్జిలో కాలికి కట్టు కట్టించాం. గాలివానకు ఫోన్లు పనిచేయలేదు. కానీ కబురుకు ఫోనుతో పనేముంది? మోటారుసైకిలు నడిపేవాడొకడు దాన్ని కబాలేకి మోసుకుపోయాడు.

మర్నాడు అందరం కబాలేకి బయలుదేరాం. ఊరికి దగ్గరవుతుండగా నా ఫోను మోగింది. నేను మలుపులో ఉన్నాను కనుక అక్క తీసింది. అవతల కబగంబే పెద్దయ్య. మా పేటలో చావుకూ రోగానికీ మంచం మోసే సంఘానికి ఆయన పెద్ద.

‘‘శవం ఎంతకి చేరుతుంది బాబూ? మనుషుల్ని నిలబెట్టాలి’’ అన్నాడు.

‘‘ఎవరి శవం?’’ అంది అక్క.

‘‘కెన్యాంగిది.’’

‘‘మాట్లాడుతున్నది నేనే పెద్దయ్యా.’’

ఆయన పక్కవాళ్లతో అనడం మాకు వినిపించింది. ‘‘వాళ్ల చెల్లెలనుకుంటా. గొంతు అచ్చం అదే. పాపం, మతి చలించినట్టుంది.’’ ఫోను పెట్టేశాడు.

అక్క వాళ్ల వాకిలి నిండా జనం. మధ్యలో మంట. చిక్కుడుగింజలు, బంగాళాదుంపలు పెద్ద పెద్ద కుండల్లో ఉడుకుతున్నాయి. సంఘం మగవాళ్లు మంటకు కట్టెలు పేర్చారు, ఆడవాళ్లు జొన్న గంజి పానీయం బుషెరా కాచారు. మా జీపు ఆగేసరికి ఏడుపు లేచింది. నేను దిగి తలుపు తీశాను. అక్క నా భుజం పట్టుకుని ఒంటికాలి మీద దిగింది. ఏడుపు సగంలో తెగిపోయింది. ఎవరో గరిటె జారవిడిచారు.

ఆ క్షణంలో అరుగు మీద నిలబడి మాట్లాడుతున్నది పక్కింటి కియారింపా. ఈ రెండిళ్లకూ ఏళ్లుగా మాటల్లేవు. కియారింపా మేక అక్క పెరట్లో క్యాబేజీలు మేసిందని అక్క, మేయలేదని ఆమె. చనిపోయినవాళ్ల గురించి మంచి చెప్పాలి కదా, ఆమె కన్నీళ్లతో, కెన్యాంగి లాంటి మనిషి లేదు, తప్పంతా మా మేకదే, నేనే ఒప్పుకోలేదు అని ఊరందరి ముందూ అనేసింది. అనేసి తల తిప్పితే ఎదురుగా అక్క.

‘‘విన్నాను కియారింపా’’ అంది అక్క.

కియారింపా కొంగుతో ముఖం తుడుచుకుంది. ‘‘నేను చచ్చినదానితో చెప్పాను. నీకు వర్తించదు’’ అంది.

జనం నవ్వారు. కియారింపా మాత్రం వచ్చి అక్క రెండో భుజం కింద చెయ్యి వేసింది.

ఇంతలో అక్క కళ్లు తిబమన్యను వెతికాయి. అతను జనంలో లేడు. కొట్టంలో ఉన్నాడన్నారు. మేం వెళ్లేసరికి బయటి గోల ఏదీ చెవికెక్కనట్టు వంగి శవపేటికకు చెక్క చిత్రిక పడుతున్నాడు. అక్క గుమ్మంలో నిలబడింది.

‘‘అది ప్రధానోపాధ్యాయురాలి బీరువా కోసం తెప్పించిన చెక్క కదూ?’’ అంది.

అతను తల ఎత్తాడు. చిత్రిక చేతిలోంచి జారి పాదం పక్కన పడింది. ‘‘ఉన్నవాటిలో ఇదే మంచిది’’ అన్నాడు. తర్వాత కూర్చున్నాడు. నిలబడ్డ చోటే, నేల మీద, చెక్కపొట్టులో. అక్క కుంటుకుంటూ వెళ్లి అతని పక్కనే కూలబడింది. నేను బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను.

వండిన తిండి పారేయరు కదా. అందరూ కూర్చుని తిన్నారు. అక్కచెల్లెళ్లకు పెద్ద పళ్లేలు ఇచ్చారు. ప్లానులో చివరి రోజు ‘స్థానికుల ఇంట భోజనం’ అని ఉంది. ఇదే అదనుకున్నారు వాళ్లు. ఇంతమందిని పిలిచి, ముందు ఏడ్చి, తర్వాత నవ్వి చేసిన స్వాగతం ఎక్కడా చూడలేదని వ్లాస్తా నాతో చెప్పింది. జీవితంలో ఆమె అనుమానించనిది అదొక్కటే అనుకుంటాను. నేనూ సరిదిద్దలేదు.

కాలు నయమయ్యాక అక్క మళ్లీ బల్ల ముందు కూర్చుంది. ‘మెల్లని నడక’ తీసేసి ‘కొండ, జారుతుంది, చేతికర్ర తెచ్చుకోండి’ అని రాసింది. కటుంగి అలా రాస్తే ఎవరూ రారని లబోదిబోమన్నాడు. ముందు కొందరు రాలేదు. వచ్చినవాళ్లు తిట్టలేదు. నాకు అది చాలు. వానలు ఆగిన కాలంలో ఆమె ఒక్కోసారి నిమ్మకాయ పట్టుకుని నాతో బయలుదేరుతుంది, గొరిల్లా పిల్ల ఎంత పెరిగిందో చూసి వస్తుంది. దారి పొడుగునా ఇంకా వాంతులే.

కబగంబే పెద్దయ్యతో మాత్రం గొడవ తెగలేదు. సంఘం తరఫున కట్టెలూ గింజలూ ఒకసారి ఇచ్చేశాం, కెన్యాంగి లెక్క ముగిసింది, ఇక ఆమె నిజంగా పోయినప్పుడు మళ్లీ ఇవ్వక్కర్లేదని ఆయన వాదన. తాను పోనిదే అది చావు ఎలా అవుతుందని అక్క వాదన. సంఘం కూడినప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడతారు. కియారింపా అక్క పక్షాన మాట్లాడుతుంది, అందరికంటే గట్టిగా.