ఆమె కాళ్ల దగ్గర చోటు

ఆ రోజు నాకు కావలసింది ఒక్కటే. ఆమెకు చేయించే ఆఖరి స్నానంలో నా చెయ్యి కూడా ఉండాలి. మాలో దాన్ని గుసుల్ అంటారు. ఆడవాళ్లకు ఆడవాళ్లే చేయిస్తారు. అది కాగానే తెల్లబట్ట చుట్టేస్తారు, మగవాళ్లు ఎత్తుకుపోతారు. ఆడవాళ్లం ఖబరస్తాన్ దాకా వెళ్లే రివాజు లేదు. అంటే ఆమెను తాకడానికి నాకు మిగిలింది ఆ కాసేపు మాత్రమే.

మేమిద్దరం ప్రేమించుకున్నాం. ఆమె ఇంట్లోవాళ్లకు నేను బ్యాంకు దోస్తుని, అంతే. నేను పనిచేసే బ్యాంకులో ఖాతా తెరవడానికి వచ్చి, నా యాసకు నవ్వి, తర్వాత ఏదో ఒక వంకతో మళ్లీ మళ్లీ వచ్చింది. వాళ్లది కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అన్న పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో పనిచేస్తాడు. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేది. డెంగ్యూ వచ్చింది. నాకు తెలిసేసరికే ఐసీయూలో ఉంది. ఇంటివాళ్లు తప్ప ఎవరూ లోపలికి వెళ్లకూడదన్నారు. నేను కింద క్యాంటీన్ దగ్గర నిలబడి, పైనుంచి దిగొచ్చే వాళ్ల వదిన ముఖం చూసి సంగతి తెలుసుకునేదాన్ని. అంతకుమించి ఏమీ చేయలేకపోయాను.

మాది ప్రకాశం జిల్లా, దూదేకుల వాళ్లం. ముస్లింలమే కానీ ఇంట్లో తెలుగే, కట్టేది చీరే, పేరు విన్నా ఎవరూ పోల్చుకోలేరు. సూరత్‌లో, ఆల్థాన్ వైపు, నాకు ఇల్లు దొరికింది ఆ పుణ్యానే. ఇంటాయన రైల్వేలో పనిచేసే తెలుగాయన. మన అమ్మాయే కదా అనుకుని అద్దెకిచ్చాడు, నేను నోరు మెదపలేదు. శ్రావణ శుక్రవారం వాళ్లావిడ తాంబూలం ఇస్తే తీసుకున్నాను. ఆమె నా దగ్గరికి వచ్చినప్పుడు బురఖా విప్పి స్కూటీ డిక్కీలో పెట్టి మెట్లెక్కేది. ఇద్దరు ఆడవాళ్లం తలుపేసుకుంటే ఎవరికీ అనుమానం రాలేదు. బురఖా కనపడితేనే గొడవ.

“మీ ఇంటికాడ నేను హిందువును, మా ఇంటికాడ నువ్వు హిందువువి. ఏందే మన బతుకు గిట్లయింది!” అని పకపకా నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. ఒళ్లు మండేది.

ఆ రోజు వాళ్లింట్లో అదే జరిగింది. పరదా కట్టిన వెనకగది గుమ్మంలో, గుసుల్ చేయించే పెద్దావిడ నన్ను ఆపింది. నేను ఫోన్ రాగానే బ్యాంకు నుంచి ఉన్నపళంగా వచ్చాను, చీరలోనే.

“గీమె ఎవరు? హిందువులు లోపటికి రావద్దు బిడ్డా, ఏమనుకోకు.”

“నేను ముస్లింనే ఖాలా.”

ఆవిడ వదిన వైపు చూసింది. “దోస్తని తెల్సు. గదెన్నడు అడగలె,” అంది వదిన.

“అయితే కలిమా చదువు, జర ఇందాం.”

చదివాను. లోపల ఆమె అలా పడుకుని ఉంటే, గుమ్మంలో నిలబడి బడిపిల్లలా అప్పజెప్పాను. మా నాన్న నేర్పిన కలిమా, అల్లా ఒక్కడేననే మాట, ఒక్క అక్షరం తప్పు పోలేదు, కానీ నా నోట్లో అది తెలుగులాగే పలుకుతుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వాళ్లందరి మీదా పిచ్చికోపం వచ్చింది. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. “సరే రా. కాళ్ల దిక్కు కూసో,” అంది.

లోపల రేగాకులు వేసి కాచిన నీళ్లు, కర్పూరం వాసన. ఆమె మీద దుప్పటి కప్పారు. పాదాలు మాత్రం బయటికి ఉన్నాయి. పది గోళ్లకూ ముదురెరుపు రంగు.

ఆ రంగు వేసింది నేనే. మామూలు రోజుల్లో ఆమె గోళ్లరంగు ముట్టేది కాదు, దాని కిందికి నీళ్లు పోకపోతే నమాజు చెల్లదని. నమాజు లేని నెలసరి రోజుల్లోనే, నా గదిలో, నా ఒళ్లో కాళ్లు పెట్టి వేయించుకునేది. మళ్లీ నేనే తుడిచేదాన్ని. ఈసారి తుడిచేలోపే జ్వరం వచ్చింది.

“గిదంత తీయాలె. గోరుకు నీళ్లు తాకకుంటే గుసుల్ గాదు,” అంది పెద్దావిడ. వదిన పక్కింటి నుంచి రంగు తీసే మందూ దూదీ తెచ్చి నా చేతికిచ్చింది. “నువ్వే తీయి, ఆడనే ఉన్నవు గద.”

బొటనవేలితో మొదలుపెట్టాను. చల్లగా ఉంది. ఎప్పుడూ కితకితలని కాలు లాక్కునే మనిషి, కదల్లేదు. వదిన గుండెలు బాదుకుని ఏడుస్తోంది. నేను దోస్తు ఏడవాల్సినంతే ఏడవాలి. ఎంత ఏడిస్తే ఎక్కువవుతుందో తెలియక రెండో వేలికి దూది అద్దాను.

పెద్దావిడ నీళ్లు కలుపుతూ, నన్ను ఓదార్చడానికే కాబోలు, అంది: “మొగుడున్నా ముట్టనియ్యం బిడ్డా. సచ్చినంక నిఖా తెగినట్టే. దోస్తువు గాబట్టి నీ చెయ్యి పడ్డది.”

నేనెవరో చెప్పేద్దామనిపించింది. చెబితే ఆ పాదం కూడా నా చేతిలోంచి లాగేసుకుంటారు. దూది మార్చి రెండో పాదం అందుకున్నాను.

పరదా అవతలి నుంచి అన్న పిలిచాడు, మధ్యాహ్నం నమాజుకు టైమవుతోందని.

“అయిందా? ఇగ బయటికి పో బిడ్డా. నీళ్లు ఇంటోళ్లు పోస్తరు.”

“ఇంకొంచెం ఉంది ఖాలా,” అన్నాను.

ఏమీ లేదు. పది గోళ్లూ ఎప్పుడో తెల్లబడ్డాయి. నేను ఆమె చిటికెనవేలు పట్టుకుని ఆ ఉత్త గోటినే తుడుస్తూ ఉన్నాను, పెద్దావిడ వంగి నా చేతిలోంచి దూది తీసుకునేదాకా.