కొండకూ ఓడకూ మధ్య నూకరత్నం గారు

ఆరబోసిన కాఫీ గింజలను చెక్కపారతో లాగినప్పుడు ఒక చప్పుడు వస్తుంది. గింజ పచ్చిగా ఉన్నంతకాలం అది తడిబట్టను ఈడ్చినట్టు మందంగా ఉంటుంది. ఎండేకొద్దీ పలచబడి, చివరికి గులకరాళ్ళ మీద ఏరు పారినట్టు గలగలమంటుంది. ఈ ఉదయం అనంతగిరి పైన మా సంఘం కళ్ళంలో ఆ గలగల వినిపించగానే టీ గ్లాసు పక్కనపెట్టి అలాగే నిలబడిపోయాను. పొగమంచు ఇంకా విడలేదు. నూకరత్నం గారు తొలిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆ చప్పుడు దగ్గరగా వినడానికే చెప్పులు విప్పి కళ్ళంలోకి దిగారు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, కొండమీద గింజల చప్పుడుకు చెవి ఒగ్గి కూర్చోవడం నాకు వింతగా అనిపించింది.

ఆమె మీకు తెలియరు. ఏ పత్రికలోనూ ఆమె ఫొటో రాలేదు. విశాఖ హార్బరులో మూటలు మోసిన ఒక కళాసీకి పెద్ద కూతురు. డిగ్రీ చదివి, ఎగుమతి సరుకులకు కస్టమ్స్ అనుమతులు తెచ్చిపెట్టే చిన్న ఆఫీసులో సగం జీవితం పనిచేసి, తర్వాత మా గిరిజన రైతుల కాఫీ సంఘానికి ఎగుమతుల మేనేజరుగా వచ్చారు. పొట్టి మనిషి. క్రేన్ల హోరులో మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. నేను అప్పుడే పాడేరులో చదువు ముగించి సంఘంలో గుమస్తాగా చేరాను. మా ఊరి నుంచి ఆఫీసు ఉద్యోగానికి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే కాబట్టి, నడిచేటప్పుడు కూడా తల పైకెత్తాలో దించాలో తెలియని రోజులవి.

ఆమె వచ్చేనాటికి సంఘం ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఉంది. దళారులు లేకుండా మొదటిసారి మేమే విదేశానికి పంపిన కాఫీ అక్కడ దిగేసరికి బూజువాసన కొట్టింది. మరోసారి ఇలా జరిగితే ఇక కొనమని ఆ కొనుగోలుదారు తేల్చి చెప్పాడు. అదే జరిగితే మా వాళ్ళు మళ్ళీ సంతలో షావుకార్లు అడిగిన ధరకే పండు అమ్ముకోవాలి. సమావేశంలో రైతులు మిల్లును తిట్టారు, మిల్లువాళ్ళు లారీని తిట్టారు, లారీవాళ్ళు హార్బరును తిట్టారు. నూకరత్నం గారు అందరి మాటా వింటూ కూర్చుని, అందరూ అలిసిపోయాక ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"మన కాఫీ ఇక్కడ్నించి దిగాక ఎవుల సేతుల్లోంచి ఎవుల సేతుల్లోకి ఎల్లిందో సూసినోళ్ళు ఎవులైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. ఆమె నా వైపు తిరిగారు. "ఒలే సుమిత్రా, ఈసారి లోడు దిగినప్పుడు దాంతోపాటే మనమూ దిగుదుం. బేగి తయారవ్వు."

అలా లారీ క్యాబిన్లో కూర్చుని ఘాటురోడ్డు దిగాను. మైదానంలో గింజల పొట్టు తీసే మిల్లు, అక్కడ సంచులను ఇనప కంటైనరులో పేర్చడం, హార్బరు పక్కన ఆ కంటైనర్లు ఓడకోసం ఎదురుచూసే యార్డు, అన్నీ చూశాం. మిల్లువాళ్ళు కంటైనరును శుభ్రంగానే కడిగారు, కానీ అడుగు చెక్క ఆరకుండానే సంచులు పేర్చారు. యార్డులో దాన్ని మురుగుకాలవ పక్కన తేమనేల మీద పెట్టారు. పోయినసారి కూడా ఇలాగే పగలు ఎండకు లోపల ఉడికి, రాత్రి చల్లబడి, ఆ చెమటంతా గింజకు పట్టిందన్నమాట. ఈసారి ఓడెక్కకముందే సంచులు దింపించి ఆరబెట్టించాం. ఎవరి మటుకు వారు తమ పని సక్రమంగానే చేశామనుకున్నారు. యార్డు సూపర్‌వైజరు అప్పలరాజు గారైతే మొహమాటం లేకుండా అనేశారు: "సంచుల్లో ఏటుందో మాకెవులు సెప్పారమ్మా? మాకన్నీ పెట్టెలే."

ఆమె గట్టిగా గొడవపెట్టుకుంటారని నేను భయపడ్డాను. ఆమె నవ్వారు. "నిజవే. సెప్పకపోడం మాదే తప్పు. ఓపాలి కొండకి రండి, సూపిత్తాం."

మాటవరసకు అన్నారనుకున్నాను. ఆ చలికాలం నిజంగానే ఒక జీపు మా ఊళ్ళోకి వచ్చింది. అందులోంచి అప్పలరాజు గారు, లారీ డ్రైవరు, మిల్లు మేస్త్రీ, ఓడ కంపెనీ ఏజెంటు, మంకీ టోపీలతో వణుకుతూ దిగారు. నూకరత్నం గారు వాళ్ళకు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మా మేనత్త బుద్రికి అప్పగించి పక్కకు తప్పుకున్నారు. బుద్రి అత్త అప్పలరాజు గారి చేతికి చెక్కపార ఇచ్చి, "పసిపిల్లని నడిపించినట్టు నడిపించాల బాబూ, తొక్కీకు" అంది. కాసేపటికే ఆయనకు నడుం పట్టేసింది. రాగి అంబలి తాగుతూ, "ఒక్క గింజకి ఇంత సాకిరీయా?" అన్నారు.

"మరేటనుకున్నావు? సెట్టు మీంచి తిన్నగా సంచిలోకి పడిపోతాదనుకున్నావా?"

అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. పచ్చి గింజలు ఒక గుప్పిట, ఎండినవి ఒక గుప్పిట పట్టుకుని చాలాసేపు వాసన చూశారు. "రేత్రి మంచు పడితే ఏటి సేత్తారు?" అని అడిగారు. "కప్పుతాం. పిల్లలకి కప్పినట్టే" అంది అత్త. ఆ తర్వాత మా కంటైనరు యార్డులో ఎప్పుడూ మెరకమీదే ఉండేది. ఓడ రాక ఆలస్యమైతే ఆయనే ఫోను చేసి, "ఇంకా దించకండి, మీ గోడౌనులోనే సల్లగా ఉంచండి" అని చెప్పేవారు. అంతకుముందు హార్బరులో ఏం జరుగుతోందో కొండకు తెలిసేది కాదు. ఒక్క ఫోనుతో ఆ దూరం తగ్గింది.

మరుసటి వేసవిలో ఆమె మా ఆడవాళ్ళను బస్సెక్కించి హార్బరుకు తీసుకెళ్ళారు. పాసుల కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కిదిగారో నాకు తెలుసు. రేవులో నిలబడి ఉన్న ఓడను మా వాళ్ళు మొదట ఓడ అనుకోలేదు, మేడలున్న వీధి అనుకున్నారు. అది నీళ్ళమీద సన్నగా కదులుతోందని గమనించిన క్షణాన బుద్రి అత్త పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది ఇనపదే కదా? మరి మునగదేటి?"

"సిన్నప్పుడు మా నాయన్ని నేనూ అదే అడిగాను" అన్నారు నూకరత్నం గారు.

"ఏటన్నాడు?"

"బరువు ఒక పక్కకే ఎయ్యకుండా అందరం సరిగ్గా సర్దితే మునగదమ్మా, అన్నాడు."

అంతలో క్రేను ఒక నీలం కంటైనరును ఆకాశంలోకి లేపింది. దూరం నుంచి అప్పలరాజు గారు చేతులూపుతూ, "బుద్రమ్మా, అదుగో, మీదే!" అని కేకేశారు. మా ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే చేతులు జోడించారు. తమ చేతులతో కోసిన పండు, తమ కళ్ళంలో ఎండిన గింజ, తలలకన్నా ఎత్తున గాలిలో తేలుతూ వెళ్ళి ఓడ కడుపులోకి దిగింది. ఇన్ని వేల చేతులు ఒకదాన్నొకటి చూసుకోకుండానే ఒక సరుకును ప్రపంచం అవతలికి దాటిస్తున్నాయే అని నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, ఆమె ఓడను కాదు, మా వాళ్ళ ముఖాలను చూస్తున్నారు.

ఆ తర్వాతి ఏడాది తుపాను పట్టింది. మా సరుకులో మంచి భాగమంతా ఓడెక్కాల్సిన వారం. లారీలు బయలుదేరాక ఘాటులో కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోయింది. వెనక్కి తిప్పి పాడేరు మీదుగా దించారు. డ్రైవర్లు కంటిమీద కునుకు లేకుండా నడిపారు. మిల్లువాళ్ళు సెలవు మానుకుని పనిచేశారు. అయినా మేం యార్డు చేరేసరికి ఆ ఓడకు సరుకు తీసుకునే గడువు దాటిపోయింది. వానలో తడుస్తూ వచ్చిన అప్పలరాజు గారు నూకరత్నం గారిని పక్కకు పిలిచారు. నేను గొడుగు పట్టుకుని అక్కడే ఉన్నాను.

"పలాస జీడిపప్పు పెట్టె ఒకటి వరసలో ఉందమ్మా. దాన్ని తర్వాత ఓడకి తోసేసి మీది ఎక్కించేత్తాను. వాన కదా, ఎవులూ అడగరు."

బతికిపోయాం అనుకున్నాను. నూకరత్నం గారు ఆ పెట్టె వైపు చూశారు.

"వద్దు రాజుగారూ. జీడిపిక్కలు కొట్టేవోళ్ళ సేతి ఏళ్ళు ఎప్పుడైనా సూసారా? జీడి కారి కాలిపోయుంటాయి. ఆ పెట్టె ఎనక కూడా ఒక బుద్రమ్మ ఉంటాది. మీరు మాకు సుట్టవని ఆళ్ళకి అన్నేయం సెయ్యకండి."

ఓడ వెళ్ళిపోయింది. ఆమె యార్డు రేకుల షెడ్డు కిందే నిలబడి విదేశంలోని కొనుగోలుదారుకు ఫోను చేశారు. ఆయన ఇంకెవరి ద్వారానో వినకముందే, తన ఇంగ్లీషులో, తన యాసతో, ఉన్నదున్నట్టు చెప్పారు. కొండ విరిగింది, గడువు దాటింది, గింజ పొడిగానే ఉంది, తర్వాతి ఓడకు వస్తుంది. అవతలి మనిషి, "నా దగ్గర గింజలు వేయించేవాళ్ళకు ఇప్పుడే చెప్తాను, సర్దుకుంటారు. ముందే చెప్పినందుకు సంతోషం" అన్నాడు. ఫోను పెట్టేసి ఆమె అక్కడే ఒక చెక్కమీద కూలబడ్డారు. నేను ఏడ్చేశాను. మా ఊళ్ళో కొందరు ఆమెను తిట్టారు కూడా. బుద్రి అత్త వాళ్ళ నోళ్ళు మూయించింది: "మన గింజకోసం ఇంకోళ్ళ గింజ తోసేసే సెయ్యి, రేపు మనల్నీ తోసేత్తాది."

కాఫీ తర్వాతి ఓడకు వెళ్ళింది, పొడిగా దిగింది. ఆ కొనుగోలుదారు ఇప్పటికీ మాతోనే ఉన్నాడు. ఆ సంగతి పలాసకు ఎలా చేరిందో తెలియదు గానీ, తర్వాతి వానాకాలంలో ఆ జీడి ఫ్యాక్టరీ యజమాని మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. హార్బరు దగ్గర తన గోడౌనులో వానలో వచ్చే మా లారీలు నిలుపుకోమన్నాడు. నూకరత్నం గారు అతనికి కాఫీ ఇచ్చి, "ముందు మీ ఫ్యాక్టరీ ఆడోళ్ళని ఓపాలి కొండకి పంపండి" అన్నారు. వాళ్ళూ వచ్చారు.

కొన్నేళ్ళకు నూకరత్నం గారు జబ్బుచేసి పోయారు. అంత్యక్రియలకు హార్బరు పక్క వీధిలోని ఆ చిన్న ఇంటి ముందు నేను చూసిన జనాన్ని ఎప్పటికీ మరచిపోలేను. క్రేన్లు నడిపేవాళ్ళు, కస్టమ్స్ ఆఫీసర్లు, లారీ డ్రైవర్లు, పలాస ఆడవాళ్ళు, మా కొండ నుంచి రెండు జీపుల నిండా మనుషులు. వాళ్ళెవరికీ నేను ఎవరినీ పరిచయం చెయ్యనవసరం లేకపోయింది. ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుని, చేతులు పట్టుకుని ఏడ్చారు. ప్రపంచ వాణిజ్యం గురించి పెద్ద సభల్లో నేనిప్పుడు వింటున్న మాటలన్నీ ఆమె ఏనాడూ వాడలేదు. ఆ వీధిలో నిలబడ్డవాళ్ళను ఒకరికొకరిని కలిపి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆమె చేసిన పని నేను చేస్తున్నాను. ఎక్కడో ఏదో ఆగిపోతుంది, ఓడ దారి మళ్ళుతుంది, లేదా కొండమీద వాన విడవదు. అప్పుడు సాకులు వెతుక్కోవాలని నా మనసు ఇప్పటికీ లాగుతుంది. కానీ, దానివల్ల ముందుగా నష్టపోయేది ఎవరో ఆలోచించి, నా మొదటి ఫోను వాళ్ళకే చేస్తాను.