గలాంట్ అంటే మీ భాషలో ఏమిటండీ?

వికెంతి మాస్టారికి తిండి పిచ్చి లేదు, చదరంగం పిచ్చి లేదు, రాజకీయాల పిచ్చి అసలే లేదు. ఉన్నదల్లా ఒక్క మాట పిచ్చి. ఆ మాట గలాంట్. సెర్బియాలో మా కికింద ఊరి బళ్లో ఏళ్ల తరబడి ఫ్రెంచి చెప్పి రిటైరయ్యారు. కొత్త మనిషి కనబడితే పేరడగరు, ఊరడగరు. టోపీ తీసి గుండెకి ఆనించుకుని, "గలాంట్ అంటే మీ భాషలో ఏమిటండీ?" అంటారు.

మా కికిందలో కొత్తవాళ్లకి కొదవ లేదు. చలికాలం వస్తే చౌకులో చెట్లనిండా గుడ్లగూబలు చేరతాయి. వాటిని చూడడానికి యూరప్ నలుమూలల నుంచీ జనం బైనాక్యులర్లు తగిలించుకుని దిగుతారు. వాళ్లు మెడలెత్తి గుడ్లగూబల్ని చూస్తుంటే, మాస్టారు కింద నిలబడి వాళ్లని చూస్తుంటారు. ఎంతటివాడికైనా కాసేపటికి మెడ నొప్పెట్టి తల దించక తప్పదు. దించగానే ఎదురుగా మాస్టారు.

నా క్షౌరశాల ఆ చౌకు పక్కనే. గడ్డానికి సబ్బు పట్టించినా ఆయన నోరు ఆగదు.

"జివాన్, నువ్వు ఎవర్ని గలాంట్ అంటావు?"

"కాఫీ కొట్లో అందరికీ తనే ఇప్పించేవాణ్ణి. కదలకండి, కత్తి మెడ మీదుంది."

"చూశావా? మన సెర్బులకి గలాంట్ అంటే ఎముక లేని చెయ్యి. స్లొవాకుల్ని అడుగు, ఆడవాళ్లకి తలుపు తెరిచి పట్టుకునేవాడంటారు."

"పట్టుకోనివ్వండి. గడ్డం ఎత్తండి."

ఈ మాటతోనే మా మేనల్లుడి పెళ్లిలో కొంప ముంచబోయారు. పెళ్లికూతురు స్లొవాకుల పిల్ల. విందులో మాస్టారు గ్లాసు పట్టుకుని లేచి, "మన పెళ్లికొడుకంత గలాంట్ మనిషి ఈ చుట్టుపక్కల లేడు" అన్నారు. అంతే. సెర్బు వాయిద్యాలవాళ్లు మావాడి చుట్టూ మూగి, మా ఆచారం ప్రకారం తమ నుదుళ్లకి నోట్లు అంటిస్తే గాని కదలమన్నారు. పెళ్లికూతురి పిన్నికి ఆ మాట వేరేగా చెవినపడింది. "ఆడవాళ్ల దగ్గర అంత మర్యాదా? ఏ ఆడవాళ్ల దగ్గర?" అని మా వాళ్లందరినీ పేరుపేరునా వాకబు చేసింది. కేకు కోసే వేళకి మావాడి జేబులో నోటు లేదు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఒకనాడు జుట్టు కత్తిరిస్తుంటే ఆయన చెప్పింది విని కత్తెర ఆపేశాను. ఫ్రాన్సులో పుట్టినప్పుడు ఈ మాటకి సరదాగా తిరిగేవాడని అర్థమట. తర్వాత మర్యాద నేర్చుకుని రాజుగారి కొలువెక్కింది. అక్కణ్ణుంచి నాట్యం నేర్పేవాళ్ల వెంటా, దర్జీల వెంటా, సైనికుల వెంటా దేశాలు పట్టిపోయింది. ఇంగ్లండులో దిగి యుద్ధంలో వెన్ను చూపని వీరుడైంది. ఇటలీలో నిజాయితీగల పెద్దమనిషికి బిరుదైంది. స్పెయిన్‌లో నాటకం ఎక్కి కథానాయకుడి వేషం కట్టింది. రష్యా వెళ్లి గుండీలూ రిబ్బన్లూ అమ్మే కొట్టుకి పేరైంది. చారెడంత మాట, ఏ సరిహద్దు దగ్గరా ఎవరూ ఆపలేదు. నాకు ఒళ్లు గగుర్పొడిచింది. చర్చిలో నిలబడ్డప్పుడు కూడా నాకంత భక్తి కలగలేదు, ఫాదర్‌తో చెప్పకండి.

"గుండీల కొట్టంటే మన పిరోష్కమ్మ గలాంటెరియా కూడా అదే మాటన్నమాట" అన్నాను.

"అదే, అదే" అని మాస్టారు అద్దంలోంచి ఎదురు కొట్టు వైపు చూశారు.

పిరోష్కమ్మ హంగేరియన్ మనిషి. మొగుడు పోయాక ఆ కొట్టే ఆమెకి లోకం. ఊరి బయట పెద్ద బజారు వెలిశాక గుండీ ఊడితే చొక్కాయే మార్చేస్తున్నారు. "ఈ చలికాలం చూస్తాను జివాన్, గిట్టకపోతే తాళం వేసి సరిహద్దు అవతల సెగెద్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతాను" అంది నాతో. సాయం చేస్తానంటే పడని మనిషి. అయ్యో పాపం అన్నవాళ్ల మొహాన తలుపు వేసేస్తుంది.

ఆ చలికాలం మాస్టారి పిచ్చి ముదిరింది. ఎవరు దొరికినా, "హంగేరియన్‌లో దీని అర్థం నాకు సరిగ్గా తెలీదు, రండి, అడుగుదాం" అని పిరోష్కమ్మ కొట్లోకి తోలుకుపోయేవారు. ఆమె కళ్లజోడు పెట్టుకుని, ఆలోచించి, రోజుకో అర్థం చెప్పేది. ఒకరోజు "రైల్లో కిటికీ సీటు వదులుకునేవాడు." ఇంకోరోజు "సూపులో ఉప్పెక్కువైనా రెండోసారి వడ్డించమనేవాడు." వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వి ఒట్టి చేతుల్తో పోవడానికి మొహమాటపడేవాళ్లు. ఒక ఇంగ్లీషాయన లేసు కొనుక్కుని, దాన్నేం చేసుకోవాలో తెలీక బైనాక్యులర్లకి చుట్టుకుని వెళ్లాడు.

నాకు మాస్టారి మతిమీదే అనుమానమొచ్చింది. "నిన్న చెప్పిందిగా, మళ్లీ అడుగుతారేం?" అన్నాను.

"నిన్నటిది నాకు నమ్మకంగా లేదు" అన్నారు, చాలా సీరియస్‌గా.

ఒక శనివారం నేను దారం కోసం వెళ్లేసరికి, మాస్టారు ఒక ఇటలీ కుటుంబాన్ని లోపలికి తెచ్చి ఉన్నారు. వెనకాలే ఆయన పాత శిష్యురాలు స్మిల్యా వచ్చింది. బెల్‌గ్రేడ్ నుంచి సెలవులకి వచ్చిందట. మాస్టారు ఎప్పట్లాగే అడగ్గానే ఆ పిల్ల పకపకా నవ్వింది.

"అదేంటి మాస్టారూ? హంగేరియన్‌లో గలాంట్ అంటే మర్యాదా ఉదారతా ఉన్నవాడని మాచేత వల్లె వేయించింది మీరేగా? ఇటలీది, రష్యాది, అన్నీ. తప్పు చెప్పానని నన్ను గోడవైపు నిలబెట్టారు కూడా."

మాస్టారి చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి. అప్పటికి గాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఈయన అడిగే అర్థం ఈయనకి ఎప్పుడో తెలుసు. కావలసింది అర్థం కాదు, ఆ గుమ్మం తొక్కే మనుషులు. దేశదేశాలు తిరిగిన మాటని పట్టుకొచ్చి గుండీల కొట్టుకి గుమాస్తాగా పెట్టిన మనిషిని చూసి నేను దారం సంగతే మరిచిపోయాను. ఆ వెంటనే భయమూ వేసింది. ఇదంతా జాలి అనుకుందా, పిరోష్కమ్మ ఈ పూటే తాళం వేసేస్తుంది.

ఆమె తల ఎత్తలేదు. ఇటలీ ఆవిడకి రిబ్బను కొలిచి, కత్తిరించి, చుట్టి చేతిలో పెట్టింది. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నువ్వు వల్లెవేసింది బడిలో అర్థం అమ్మాయ్" అంది స్మిల్యాతో. మాస్టారి వైపు తిరిగింది. "నేను నిన్న చెప్పింది కూడా తప్పే మాస్టారూ. మొన్న చెప్పింది మరీ తప్పు. రేపు రండి, సరైనది చెప్తాను. వెంట ఎవర్నీ తోలుకు రాకపోయినా ఫర్వాలేదు."